నంది చెంప

గాజు అరల ముందు నిలబడిన పెద్దావిడ కుడిచేయి చాచింది. వేళ్లు మాత్రం పూర్తిగా విప్పలేదు. గోళ్ల చుట్టూ పసరు ఎండిన నలుపు, అరచేతి గీతల వెంబడి సన్నని పగుళ్లు. సలోమి టెస్టర్ సీసా మూత తిప్పి చుక్క వేయబోతుండగా, పక్కనుంచి భార్గవి చేయి వచ్చి సీసాను మెల్లగా లాక్కుంది.

"అది అయిపోవచ్చింది సలోమీ. కొత్తది ఇంకా తెరవలేదు."

సీసా సగానికి పైనే ఉంది. కాసేపటి క్రితమే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చి, మోచేతుల దాకా పూసుకుని, ఒకరి చేయి ఒకరు వాసన చూసుకుని, ఏమీ కొనకుండానే నవ్వుకుంటూ వెళ్లారు. వాళ్లకు భార్గవే దగ్గరుండి పూసింది.

పెద్దావిడ చేయి వెనక్కి తీసుకుంది. అంటినదేమీ లేకపోయినా కొంగుకు తుడుచుకుంది. "ఉండనీలేమ్మా. మంచిదేదో నువ్వే ఇయ్యి. చేతులు ఒకటే మంట పుడుతాండాయి," అంది, సలోమి వైపు చూడకుండా.

భార్గవి అరలోంచి పొడుగాటి నీలం సీసా తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద బంగారు అక్షరాలు. "హైలురోనిక్ సీరం పెద్దమ్మా. ఎంత పొడి చర్మమైనా సరే, నీళ్లు పట్టి ఉంచుతుంది. ఇప్పుడందరూ ఇదే వాడుతున్నారు." బిల్లు మీదికి పేరు అడిగితే, "భారతమ్మ, గడివేముల" అని చెప్పి, సీసాను చేతిసంచిలో బట్టల మధ్య జాగ్రత్తగా దోపుకుని ఆమె మెట్లు దిగింది.

"కోపం తెచ్చుకోకు," అంది భార్గవి, సలోమి ముఖం చూసి. "ఆ చేతులకు మూత ఆనిచ్చినామంటే, తర్వాత ఎవరు పూసుకుంటారు చెప్పు?"

భార్గవి చెడ్డది కాదు. యజమాని సుబ్బరామయ్య శెట్టికి కోడలు. గాజులు, రిబ్బన్లు, సవరాలు అమ్మే ఆ నంద్యాల అంగట్లో సగం భాగాన్ని క్రీములు, లోషన్ల అంగడిగా మార్చింది ఆమే. సలోమి కెమిస్ట్రీ చదివిందని తెలిసి పిలిచి మరీ పనిలో పెట్టుకున్నదీ ఆమే. అందుకే సలోమి "సరే అక్కా" అంది. అనేశాక, పెద్దావిడ దిగిపోయిన మెట్ల వైపు చూసింది.

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, సలోమి ఓ మూల స్టూలు మీద కూర్చుని మూడు పెట్టెలు ముందు పెట్టుకుంది. వెనక వైపు చీమలబారులా ఉండే పదార్థాల పేర్లు చదవడం ఆమెకు ఇష్టం. ముందు వైపు ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చు. వెనక వైపు మాత్రం ఎక్కువ వేసినదాన్ని ముందు రాయాలి, తక్కువ వేసినదాన్ని వెనక రాయాలి. నీలం సీసాలో మొదట నీళ్లు, తర్వాత గ్లిజరిన్. ముందు వైపు బంగారంతో మెరిసిన హైలురోనిక్, వెనక వైపు దాదాపు చివరి వరుసలో, సువాసనకు కాస్త ముందు ఒదిగి ఉంది. అది కొంచెం ఉన్నా పని చేస్తుందని ఆమెకు తెలుసు, అందులో మోసం లేదు. అయితే పక్కనే ఉన్న చవక లోషనులోనూ నీళ్లు పట్టి ఉంచే పని చేసేది గ్లిజరినే, అదీ రెండో పేరుగానే ఉంది. ఆ పని వరకూ రెండూ అక్కచెల్లెళ్లే, చీరలే వేరు.

మూడోది లావుపాటి ట్యూబు. మొదటి పేరే పెట్రోలియం జెల్లీ, తర్వాత గొర్రెబొచ్చు నుంచి తీసే జిడ్డు, షియా గింజల వెన్న. ఇది నీళ్లు తెచ్చేది కాదు, ఉన్న నీళ్లను పోనీయకుండా మూత పెట్టేది. పిండి ముద్ద మీద కప్పే తడిబట్ట లాగా.

సలోమి కళ్ల ముందు కొంగుకు తుడుచుకున్న చేయి ఉంది. దాని వెనక ఇంకో చేయి ఉంది. ఆమె ఆ లావు ట్యూబు తీసి తన పేరు మీద బిల్లు వేయించుకుంది.

*

శిరివెళ్ల దాటాక బస్సులో సీటు దొరికింది. ఆళ్లగడ్డ దగ్గరపడే కొద్దీ రోడ్డు పక్కన రాతి దేవుళ్లు కనిపించడం మొదలైంది. ముక్కులు తేలనివి, చేతులు విడిపడనివి, దుమ్ము కొట్టుకుని నిలబడినవి. ఒక షెడ్డు దగ్గర సలోమి దిగింది. లోపల ఉలుల చప్పుడు ఆగిపోయింది గానీ తడి రాయి మీద సానబిళ్ల రుద్దుతున్న సరసర శబ్దం ఇంకా వినపడుతోంది. అది అమ్మ చప్పుడు.

రూతు నంది ముందు గొంతుక్కూర్చుని ఉంది. వెలుగోడులో కొత్తగా కడుతున్న గుడికి పోవాల్సిన నంది అది. బూడిదరంగు రాయి, మెడలో గంటల పట్టెడ, కూర్చున్నా మనిషి నడుము ఎత్తు. చెక్కేది వీరబ్రహ్మాచారి. నునుపు చేసేది రూతు. చెంబుతో నీళ్లు చిలకరించి, బిళ్లతో రుద్ది, గుడ్డతో తుడిచి, రాయి ఆరినాక అరచేత్తో నిమురుతుంది. ఎక్కడ గీత మిగిలిందో చెప్పేది కన్ను కాదు, అరచేయి. అందుకే ఆ పనిలో చేతికి తొడుగు పనికిరాదు.

ఆ అరచేయే ఇప్పుడు మాట వినడం లేదు. ఏళ్ల తరబడి నీళ్లలో నాని, రాతిపిండిలో ఎండి, అట్టకట్టి చీలింది. కిందటి వారం ఒక పీట మీద గీత మిగిలిపోతే ఆచారి పట్టుకున్నాడు. "చేతికి తెలీకపోతే ఎట్ల మే రూతమ్మా? కడపలో మిషన్‌తో నునుపు చేసే మనిషి ఉన్నాడు, పిలిపించల్లనా?" అని నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు రూతుకు రెండు రోజులు అన్నం సయించనీయలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక సలోమి ట్యూబు తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"ఏందీ? పండ్లకు రుద్దేదా?"

"కాదు మా. చేతులకు. పగుళ్లు మానతాయి."

రూతు మూత తీసి వాసన చూసింది. కొంచెం పిండి వేలి మీద పెట్టుకుని దీపం దగ్గరికి తీసుకుపోయి చూసింది. "ఎంత పెట్టినావు?"

"అదంతా నీకెందుకు? రోజూ రెండు పూటలా పూసుకో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేతులు శుభ్రంగా కడుక్కోని."

అంగట్లో రోజంతా చెప్పి చెప్పి నాలుకకు అలవాటైన మాట అది. అట్ట మీద ఉన్న మాట. రూతు బడిపిల్లలా తల ఊపింది. ట్యూబును బైబిలు పక్కన, గూట్లో, నిలువుగా నిలబెట్టింది.

*

మరుసటి సాయంత్రం బస్సు దిగేసరికి సరసర శబ్దం లేదు. షెడ్డు ముందు బండ మీద రూతు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. కూతుర్ని చూసి లేవలేదు.

"రామ్మా, రా," అన్నాడు ఆచారి లోపలినుంచి. "డిగ్రీ చదివినదానివి గదా, ఇదేందో చూసి చెప్పు."

నంది కుడి చెంప మీద నాలుగు వేళ్లు, అరచేతి మడమ. రాయి కంటే నల్లగా, నూనె పడిన కాగితంలా. ఎవరో చాచి చెంపదెబ్బ కొట్టినట్టు ఉంది.

"నిన్న చివరి మెరుగు అయిపోయింది. పొద్దున ఆరినాక ఒకసారి నిమిరి చూడు మే అన్నా. నిమిరింది. చేతికి ఏం పూసుకున్నావు మే అంటే, మా పాప తెచ్చిన మందు అంటాది." ఆచారి తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "సబ్బు పెట్టి రుద్దినాం. సర్ఫు పెట్టినాం. రాయి తాగేసింది. రేషన్ మిషన్‌కు నెలకు ఒక్కసారి గూడా పడని వేలిముద్ర, నా నందికి పడింది సూడు!"

పక్క రాయి మీద పని చేస్తున్న ఇద్దరు నవ్వారు. రూతు నవ్వలేదు.

"మళ్లీ అరగదీస్తే పోదా అప్పా?" అంది సలోమి.

"పోతాది. చెంప గూడా పోతాది. ఈడ అరగదీస్తే కన్ను ఉబ్బినట్టు కనపడతాది, ఈ పక్క గంటల పట్టెడ తేలిపోతాది. వెలుగోడోళ్లు సోమవారం లారీ తెస్తాండారు." అతని గొంతు తగ్గింది. గొంతు తగ్గాక చెప్పిన మాటే గట్టిగా తగిలింది. "రేపట్నుంచి మీ అమ్మను ఇంటికాడే ఉండమను. కడపాయనకు ఫోన్ చేసినా, సోమవారం వస్తానన్నాడు. మిషన్‌కు క్రీములు అక్కర్లేదు."

ఇంటికి నడుస్తుంటే రూతు ఒక్క మాటే అంది: "నువ్వు తెచ్చినావని ఎక్కువగా పూసుకున్నా పాపా. మెత్తగా ఉండాయి అని సంబరపడినా."

ఇల్లు చేరగానే అంట్లు తోమే సబ్బు తీసుకుని చేతులు కడగడం మొదలుపెట్టింది. కడిగి, వాసన చూసి, మళ్లీ కడిగి, పీచు పెట్టి రుద్ది. బొటనవేలి దగ్గర పగులులోంచి రక్తం చిమ్మింది. సలోమి సబ్బు లాక్కుంది.

"చాలు మా! అట్ల రుద్దితే ఉన్న తడి గూడా పోతాది."

"జిడ్డు పోతే రేపు పొయ్యి చేతులు చూపించొచ్చు."

"జిడ్డు నీ చేతుల్లో ల్యా. నా మాటలో ఉండాది. నువ్వేం పని చేస్తావో నాకు తెలీదా? పొద్దున పూసుకోని నువ్వు పోయేది రాయి కాడికే గదా. అట్ట మీద ఉండేదే అప్పజెప్పినా, నిన్ను అడగలేదు."

రూతుకు ఆ మాట నచ్చలేదు. కూతురు తన ముందు తలవంచడం ఆమెకు ఎప్పుడూ నచ్చదు. కొంగుతో చేయి చుట్టుకుని పొయ్యి ముందుకు పోయింది. జొన్నపిండి కలుపుతూ, పొయ్యి మీద నీళ్లు కాగుతుండగా, ఉన్నట్టుండి అడిగింది:

"శనివారం సాయంత్రం నువ్వు మొగానికి మట్టి పూసుకుంటావే, చర్చికి పొయ్యే ముందు రోజు. అది ఏం చేస్తాది?"

"ముల్తానీ మట్టి మా. మొగంలో జిడ్డు పీకుతాది."

"రాయిలో జిడ్డు పీకదా?"

సలోమికి నవ్వొచ్చింది. నందికి ఫేస్‌ప్యాకు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మట్టి నిజంగానే పీల్చుకుంటుంది, ఎండేటప్పుడు తనలోకి లాక్కుంటుంది. పొడి చర్మం వాళ్లు దాని జోలికి పోవద్దని తనే కదా రోజూ చెబుతుంది. కానీ జెల్లీ నీళ్లకు కరగదు, నీళ్లతో కలిపిన మట్టికి లొంగదు. కరిగించేది ఇంకేదో కావాలి, కరిగించి తాను ఆవిరైపోయేది. కాలేజీ లాబులో గాజు గొట్టాలు కడిగిన ఘాటు వాసన ఆమె ముక్కుకు తగిలింది. అదే వాసన అంగట్లో రోజూ తగులుతూనే ఉంది, గోళ్ల రంగు తుడిచే సీసా మూత తీసినప్పుడల్లా.

"నీళ్లు మరుగుతాండాయి మా," అంది లేచి నిలబడి. "పీకుతాది. పీకుతాదేమో."

*

"ఇన్ని ప్యాకెట్లు ఎందుకు?" అంది భార్గవి. ముల్తానీ మట్టి పొట్లాల పక్కన గోళ్ల రంగు తుడిచే సీసాలు వరుసగా ఉన్నాయి. "పెళ్లికూతురికా?"

"నందికి అక్కా."

సలోమి జరిగినదంతా చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. నంది చెంప మీద వేళ్ల ముద్ర దగ్గర భార్గవి ఫక్కున నవ్వింది, అమ్మ పని పోయిన సంగతి దగ్గర నవ్వు ఆపేసింది. అప్పుడు సలోమి, బల్ల మీద పొట్లాలు సర్దుతూ, తల ఎత్తకుండా అంది:

"మొన్న ఆ గడివేముల పెద్దమ్మ చేయి వెనక్కి తీసుకున్నెప్పుడు నేనేం అనలేదు అక్కా. మా అమ్మ చేతులు అంతకంటే అధ్వాన్నం. ఆమె ఎప్పుడన్నా ఈడికొస్తే నేను టెస్టర్ దాచిపెట్టల్లనా?"

పంకా తిరుగుతోంది. గల్లా దగ్గర సుబ్బరామయ్య శెట్టి పేపరు తిరగేశాడు. భార్గవి అరలోని సీసాలు సర్దసాగింది. అవి సర్దే ఉన్నాయి. ఉన్న ఉద్యోగం ఊడేలా ఉందని సలోమికి అనిపించింది. అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

కొంతసేపటికి భార్గవి తిరిగి వచ్చి, సీసాల్లోంచి ఒకటి పైకెత్తి వెనక వైపు చదివింది. "ఇది తీసుకుపోతే నీ నందికి ఏం కాదు. జిడ్డు కరిగించే అసిటోన్ లేదని రాసుంది చూడు. గోళ్లు ఎండిపోకుండా ఉండాలని చేసినది. నీకు కావాల్సింది ఇది కదా?" ఎర్ర మూత సీసా తీసి బల్ల మీద పెట్టింది, దాని పక్కన ఇంకోటి. "మధ్యాహ్నం బస్సుకే పో. మామయ్యకు నేను చెప్తా."



*

"దేవునికి గోళ్ల రంగు తుడిచే నీళ్లా?" ఆచారి సీసా మూత తీసి, వాసనకు ముఖం తిప్పుకున్నాడు.

"ఇంగా దేవుడు గాలేదు గదప్పా," అంది రూతు గుమ్మం బయటినుంచి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదని ఆమె బయటే నిలబడింది. "ప్రతిష్ఠ అయ్యేదాక రాయేనని నువ్వే అంటావు."

"నోరు మాత్రం బాగానే పనిచేస్తాండాది నీకు," అన్నాడు ఆచారి. ఆ మాట అన్నప్పటి నుంచి కొంచెం మెత్తబడ్డాడు.

సలోమి నేరుగా చెంప మీదికి పోలేదు. అదే బండలోంచి తీసిన ముక్క ఒకటి అడిగి తీసుకుంది. దాని మీద ట్యూబులోది కాస్త పూసి, గుడ్డతో తుడిచి, మరక దిగేదాకా ఎండలో పెట్టింది. తర్వాత మట్టిని సీసాలోని ద్రవంతో బజ్జీల పిండిలా కలిపి మరక మీద మందంగా పరిచింది. పైన పాలిథిన్ కప్పి, చుట్టూ టేపు అంటించింది. "బీడీ ఆర్పెయ్యప్పా. ఇది మండుతాది."

ఆచారి బీడీ పారేశాడు. పారేసి, షెడ్డులో ఇంకెవరి నోట్లోనైనా బీడీ ఉందేమోనని అటూ ఇటూ చూశాడు.

మర్నాడు పొద్దున పాలిథిన్ తీసి ఆరనిచ్చారు. సాయంత్రం ఆ ముక్క మీది ఎండిన మట్టిని చెక్కపుల్లతో గీకితే పెచ్చులుగా రాలింది. కింద మరక ఉంది. కానీ నిన్న చూసిన నలుపు కాదు, చెమట ఆరిన మచ్చలా పాలిపోయి ఉంది. రాలిన పెచ్చును ఆచారి రెండు వేళ్ల మధ్య నలిపాడు. వేళ్లు జిడ్డయ్యాయి. ఆ వేళ్లను చాలాసేపు చూసుకున్నాడు.

"నందికి పూయమ్మా," అన్నాడు.

ఇంటి దగ్గర రూతు చేతులకు వేరే లెక్క మొదలైంది. ఈసారి సలోమి ముందు అడిగింది. ఎప్పుడు నీళ్లు తగులుతాయి, ఎప్పుడు రాతిపిండి, ఎప్పుడు ఆరిన రాయిని ముట్టుకుంటావు, పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోతావు. రూతు విసుక్కుంది: "ఏందే పోలీసోళ్ల మాదిరి!" అన్నిటికీ జవాబులు చెప్పింది కూడా. జవాబులు విన్నాక పద్ధతి దానంతటదే తేలింది. పగలు జిడ్డు జోలికే పోకూడదు. సాయంత్రం అన్నాలయ్యాక గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టాలి. పూర్తిగా తుడవకుండా, తడి ఉండగానే గ్లిజరిన్ లోషను. ఉత్త గ్లిజరిన్ పొడి చేతికి పూస్తే ఈ ఎండగాలిలో అది చర్మం లోపలి తడినే లాక్కున్నా లాక్కుంటుంది. దానికి ముందు నీళ్లు చూపించాలి. దాని మీద, పగుళ్ల మీద మాత్రం, పలచగా జెల్లీ. పట్టిన నీళ్లకు మూత. ఆ మీద సలోమి పాత కాలేజీ సాక్సులు.

"చేతులకు సాక్సులా!" రూతు రెండు చేతులూ ఎత్తి గొర్రెపిల్ల కాళ్లలా ఆడించింది. పని పోయిన రోజు నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.

పొద్దున్నే సబ్బుతో మృదువుగా ఒకసారి కడుక్కోవడం, ఆరాక పేపరు ముక్క మీద అరచేయి గట్టిగా ఒత్తి వెలుగుకు ఎత్తి చూడటం. మొదటి రోజు పేపరు మీద చేతి మడమ దగ్గర నూనె మచ్చ అగుపించింది. జెల్లీ తగ్గించారు. తర్వాత మచ్చ పడలేదు. పేపరు మీద మచ్చ పడకపోతే రాయి మీదా పడదు. పనిలేకపోయినా రూతు రోజూ ఒత్తి చూసుకునేది. ఆ పేపరు ముక్కను మడిచి దాచేది కూడా.

*

శనివారం భారతమ్మ మళ్లీ అంగడి మెట్లెక్కింది. నీలం సీసాను బల్ల మీద పెట్టింది, సగం ఖాళీ.

"ఇది నాకు పడలేదమ్మా. పూసుకుంటే మంట నెత్తికెక్కుతాండాది. నేను దుడ్లు అడగను గానీ, ఏదన్నా చల్లగా ఉండేది ఉంటే ఇయ్యి."

సలోమి సీసా వైపు చూడలేదు. "పెద్దమ్మా, మీరు చేతులతో ఏం పని చేస్తాండారు ఇప్పుడు?"

అంగట్లో ఎవరూ అడగని ప్రశ్న కాబోలు, భారతమ్మ కాస్త ఆలోచించింది. "ఏముంది, శెనగ పీకుతాండాం. కూలోళ్లు దొరకలే. మా చేనే గదాని పొద్దున మంచు ఉండగానే నేనూ దిగుతా."

సలోమికి అప్పుడు అర్థమైంది. శెనగచెట్టు మీద మంచుతో కలిసి ఉండే పులుపు. పీకే వాళ్ల చేతుల్ని తినేసే పులుపు. ఆ పులుపుతో విచ్చిపోయిన పగుళ్ల మీద సువాసన కలిపిన సీరం పూస్తే మండదా?

"సీసా చెడ్డది కాదు పెద్దమ్మా. చేయి మానినాక వాడుకోండి, తడి చేతికి. ఇప్పుడు ముందు పులుపు పోవల్ల. చేను కాడే, పని అయిపోయిన వెంటనే, మంచినీళ్లతో కడుక్కోండి. ఇంటికొచ్చి కాదు. చేతులకు పాత బట్ట చుట్టుకోని పీకండి. రాత్రికి వాసన లేని లోషను, దాని మీద..."

మాట పూర్తి కాకముందే పక్కనుంచి ఒక చేయి వచ్చింది. సలోమి ఆగిపోయింది.

భార్గవి చేతిలో తడిపిన దూది ఉంది. ఇంకో చేతిలో కొత్త టెస్టర్, మూతకు సీలు అప్పుడే చించినది. బల్ల ఇవతలికి వచ్చి, స్టూలు జరిపి, "కూర్చోండి పెద్దమ్మా," అంది. భారతమ్మ చేయి చాచలేదు. భార్గవే ఆ చేతిని తీసుకుని తన అరచేతిలో పెట్టుకుంది. గోళ్ల చుట్టూ ఉన్న నలుపును దూదితో ఒక్కొక్క వేలూ తుడిచింది. దూది పచ్చగా మారింది. ఇంకో దూది తీసుకుంది.

"ముందు ఏది పూయాల సలోమీ?" అంది, తల ఎత్తకుండా.

"లోషను అక్కా. తడి ఆరకముందే."

*

ఆదివారం ఆరాధన అయిపోయాక తల్లీకూతుళ్లు తెల్లచీరల్లోనే షెడ్డుకు పోయారు. నందికి రెండోసారి వేసిన పూత ఎండి పగిలి ఉంది. ఒక పక్క చెంపకు మట్టి కట్టుకుని, పంటినొప్పితో కూర్చున్న పెద్దమనిషిలా ఉన్నాడు నంది. ఆచారి చెక్కపుల్లతో తనే మెల్లగా గీకాడు. తడిగుడ్డతో తుడిచాడు. రాయి ఆరేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.

తడి ఆరింది. చెంపంతా ఒకటే బూడిదరంగు. ఆచారి ఎండవైపు నుంచి చూశాడు, నీడవైపు నుంచి చూశాడు, వంగి కింద నుంచి చూశాడు.

"పోయింది," అన్నాడు. ఆ మాట నందితో చెప్పినట్టు చెప్పాడు.

కడప మనిషి సంగతి అతను ఎత్తలేదు. ఎత్తుతాడని రూతూ ఎదురుచూడలేదు. ఆమె పక్కనే ఉన్న పేపరు తీసుకుని, కుడి అరచేయి దాని మీద గట్టిగా ఒత్తి, వెలుగుకు ఎత్తి ఆచారికి చూపించింది. అక్షరాలు తప్ప ఏమీ లేవు.

"ఒకసారి నిమరనియ్యప్పా. పోయేముందు."

ఆచారి పక్కకు జరిగాడు.

రూతు కళ్లు మూసుకుంది. పగుళ్లు ఇంకా పూర్తిగా మానలేదు, అంచులు మాత్రం మెత్తబడ్డాయి. అరచేయి నంది నుదుటి మీది నుంచి దిగింది, చెంప మీద నెమ్మదించింది, దవడ దాటింది, తిరిగి వెనక్కొచ్చింది. కంటి కింద ఒకచోట ఆగింది. ముందుకు పోయి, మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఈడ గీత ఉండాది."

"యాడ మే?" ఆచారి వంగాడు. "ఏం ల్యా. అంతా అద్దం మాదిరుండాది."

"కంటికి కనపడదు. ఉండాది. ఇంత పొడుగు." కళ్లు తెరవకుండానే వేలితో చూపించింది.

ఆచారి నమ్మలేదు. చెంబులోంచి నీళ్లు తీసి చిలకరించాడు. తడి మెల్లగా ఆరుతూ వచ్చింది, చెంప నుంచి, దవడ నుంచి, కంటి అంచు నుంచి. అంతా ఆరాక కంటి కింద వెంట్రుకంత తడిగీత ఒక్కటి మిగిలింది, రూతు వేలు చూపించిన చోటే.

ఆచారి దాన్ని వంగి చూశాడు. తన పెట్టె దగ్గరికి పోయి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న చిన్న సానబిళ్ల తీశాడు. అది అతను ఎవరికీ ఇచ్చేది కాదు. పంచె అంచుకు తుడిచి రూతు చేతికిచ్చాడు. నీళ్ల చెంబును కాలితో ఆమె వైపు జరిపి, జేబులోంచి ఫోన్ తీసుకుని గుమ్మం దాకా నడిచాడు.

"ఆఁ, కడపన్నా... వద్దులే. రేపు రావద్దు. ఈడ మనిషుండాది."

రూతు ఆదివారపు తెల్లచీర కుచ్చిళ్లు ఎగదోపి గొంతుక్కూర్చుంది. సరసర శబ్దం మొదలైంది. సలోమి చెంబు పట్టుకుని, అమ్మ అడిగినప్పుడల్లా చుక్క చుక్కగా నీళ్లు పోసింది.

ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చిన ఆచారి కాసేపు అక్కడే తచ్చాడాడు. తలగుడ్డ విప్పాడు, చుట్టుకున్నాడు. చివరికి రెండు చేతులూ సలోమి ముందు చాచాడు. వేళ్లు పూర్తిగా విప్పలేదు. ఉలి పట్టీ పట్టీ ఎండిన చెక్కలా చీలిన చేతులు.

"ఇవిటికి గూడా ఏమన్నా ఉండాదా మ్మా?"

సలోమి చెంబు కింద పెట్టి ఆ చేతుల్ని పట్టుకుని తిప్పి చూసింది. "ఉండాది అప్పా. కానీ ఈ పొద్దు చెప్పను."

"ఎందుకు?"

"మళ్లీ నువ్వు నందిని ముట్టుకుంటావు. రేపు లారీ ఎక్కించినాక చెప్తా."

రూతు రుద్దడం ఆపకుండానే నవ్వింది. "సాక్సులు తెచ్చుకోప్పా," అంది. "రెండు జతలు."